మల్టీమీడియా నిర్మాణ విభాగం: ఎవరు కావాలి, ఎంతమంది కావాలి

మాట, బొమ్మ, ధ్వని, కదిలే దృశ్యం కలిపి ఒక పాఠాన్నో సమాచారాన్నో చూసేవారికి అర్థమయ్యేలా తయారుచేసేది మల్టీమీడియా నిర్మాణ విభాగం. విశ్వవిద్యాలయాలు, సార్వత్రిక విద్యాసంస్థలు, ప్రభుత్వ శిక్షణ కేంద్రాలు, పత్రికలు, ఆస్పత్రులు ఇప్పుడు ఇలాంటి విభాగాలను సొంతంగా నడుపుతున్నాయి. వీటిలో విద్యాసంస్థలది ప్రత్యేకమైన పరిస్థితి. అక్కడ పాఠం తెలిసినవారికి కెమెరా తెలియదు, కెమెరా తెలిసినవారికి పాఠం తెలియదు. ఈ ఇద్దరి మధ్య పని సాఫీగా సాగాలంటే ఎవరిని, ఎంతమందిని, ఏ షరతుల మీద తీసుకోవాలన్నది ఆ విభాగానికి సంబంధించిన అసలు ప్రశ్న.

స్టూడియో కట్టడానికి, కెమెరాలు కొనడానికి నిధులు ఒకేసారి మంజూరవుతాయి. జీతాలకు ఏటా డబ్బు కావాలి. అందువల్ల చాలాచోట్ల ముందు పరికరాలు వస్తాయి, తర్వాత వాటిని నడిపే మనుషుల కోసం వెతుకులాట మొదలవుతుంది. ఈ వరస మారాలి. ఏం తయారుచేయాలో ముందు తేల్చుకుని, అందుకు ఏయే పనులు ఎన్ని గంటలు పడతాయో లెక్కగట్టి, ఆ లెక్కను బట్టి పోస్టులు నిర్ణయించి, చివరగా ఆ మనుషులు వాడే పరికరాలు కొనాలి. అలా చేసినప్పుడు సిబ్బంది కూర్పు మామూలుగా ఊహించేదానికి చాలా భిన్నంగా వస్తుంది.

నడిచివచ్చిన దారి

భారతదేశంలో విద్యా కార్యక్రమాల నిర్మాణానికి పెద్ద ఎత్తున సిబ్బందిని కూర్చిన తొలి సందర్భాల్లో ‘సైట్’ అనే ఉపగ్రహ బోధనా టీవీ ప్రయోగం ఒకటి. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. నిర్మాణ కేంద్రాలు హైదరాబాద్, కటక్, ఢిల్లీలలో నడిచాయి. వ్యవసాయం, ఆరోగ్యం, బడి పాఠాలు తెలుగులో చెప్పాల్సి వచ్చినప్పుడు ప్రొడ్యూసర్, కెమెరామన్ ఉంటే సరిపోదని, విషయ నిపుణులు, పల్లె భాషలో రాయగలిగిన రచయితలు, చూసినవారికి ఎంత అర్థమైందో ఊళ్లోకి వెళ్లి పరిశీలించే పరిశోధకులు కూడా జట్టులో ఉండాలని ఆ అనుభవం నేర్పింది.

1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయ నిధుల సంఘం దూరదర్శన్‌లో ‘కంట్రీవైడ్ క్లాస్‌రూమ్’ ప్రసారాలు ప్రారంభించింది. వాటికి పాఠాలు అందించేందుకు విశ్వవిద్యాలయాల్లోనే నిర్మాణ కేంద్రాలు ఏర్పడ్డాయి. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, నాడు సీఫెల్‌గా పేరొంది నేడు ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)గా ఉన్న సంస్థలోనూ ఇలాంటి కేంద్రాలు వచ్చాయి. 1993లో ఏర్పడిన కన్సార్షియం ఫర్ ఎడ్యుకేషనల్ కమ్యూనికేషన్ ఈ కేంద్రాలను సమన్వయం చేస్తోంది. వీటి సిబ్బంది నమూనా టీవీ కేంద్రాలను చూసి తయారైంది. డైరెక్టర్, ప్రొడ్యూసర్లు, కెమెరామన్లు, ఎడిటర్లు, ఇంజనీర్లు, గ్రాఫిక్ ఆర్టిస్టులు, సెట్లు వేసేవారు ఉండేవారు. ఒక్కో పనికి ఒక్కో నిపుణుడు ఉండడం ఈ నమూనా లక్షణం.

బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ మరో దారి చూపింది. 1969లో ఏర్పడి 1971లో బోధన మొదలుపెట్టిన ఆ సంస్థ కోర్సు జట్టు పద్ధతిని స్థిరపరచింది. అధ్యాపకులు, సంపాదకులు, విద్యా సాంకేతిక నిపుణులు, బీబీసీ ప్రొడ్యూసర్లు ఒకే జట్టుగా కూర్చుని కోర్సును మొదటి నుంచీ కలిసి తయారుచేసేవారు. పాఠం పూర్తిగా రాసేశాక ప్రొడ్యూసర్ చేతికి ఇవ్వడం అక్కడ ఉండేది కాదు. భారతదేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే మొదలైంది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే.

మూడో దశ ఇంటర్నెట్‌తో వచ్చింది. 2017 జూలైలో ప్రారంభమైన భారత ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ కోర్సుకు నాలుగు భాగాలు ఉండాలంటుంది. అవి వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, చర్చా వేదిక, స్వయం మూల్యాంకనం. వీడియో ఈ నాలుగింట్లో ఒకటి మాత్రమే. మిగతా మూడింటికి రాసేవారు, ప్రశ్నలు తయారుచేసేవారు, వేదికను నడిపేవారు కావాలి. టీవీ కాలం నాటి పోస్టుల జాబితాలో ఈ పేర్లు లేవు. కొత్త అవసరానికి పాత జాబితాతోనే నెట్టుకురావడం వల్ల నేటి విభాగాలు చాలావరకు ఇబ్బంది పడుతున్నాయి.

కెమెరాకు ముందు

నిర్మాణంలో పనులు మూడు దశలుగా నడుస్తాయి. చిత్రీకరణకు ముందు జరిగేవి, చిత్రీకరణ రోజున జరిగేవి, ఆ తర్వాత జరిగేవి. ఎక్కువ కాలం పట్టేది మొదటి దశ. ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది కూడా అదే.

మొదటి దశకు కేంద్రం బోధనా రూపకర్త. దీన్నే ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్ పోస్టు అంటారు. అధ్యాపకుడి దగ్గరున్న నోట్సును చూసి, విద్యార్థి దీని చివర ఏం చేయగలగాలి, ఏది మాటతో చెప్పాలి, ఏది బొమ్మతో చూపాలి, ఎక్కడ ఆగి ప్రశ్న అడగాలి అన్నది తేల్చడం ఈ వ్యక్తి పని. అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ పరిశోధనలు ఇందుకు గట్టి ఆధారం ఇచ్చాయి. పాఠానికి సంబంధం లేని సంగీతం, అలంకార చిత్రాలు నేర్చుకోవడాన్ని తగ్గిస్తాయి. చెప్పే వాక్యాలనే తెర మీద అక్షరం పొల్లు పోకుండా వేస్తే అర్థం కావడం కష్టమవుతుంది. ఈ సూత్రాలు తెలిసిన వ్యక్తి జట్టులో లేకపోతే యానిమేటర్ తనకు అందంగా తోచింది చేస్తాడు, అధ్యాపకుడు తన స్లయిడ్‌లో ఉన్నదంతా తెర మీద ఉండాలని కోరతాడు.

2014లో ఫిలిప్ గువో బృందం ఆన్‌లైన్ వేదిక ఎడెక్స్ కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించింది. విద్యార్థులు సాధారణంగా ఆరు నిమిషాలకు మించి ఒక వీడియోతో ఉండలేదని, తరగతి గదిలో రికార్డు చేసిన ఉపన్యాసాన్ని ముక్కలు చేసి పెట్టినా ఫలితం అంతగా లేదని, అధ్యాపకుడు తన బల్ల దగ్గర కూర్చుని నేరుగా మాట్లాడిన వీడియోలు భారీ స్టూడియో వీడియోల కంటే ఎక్కువ ఆకట్టుకోగలవని తేలింది. సిబ్బంది విషయంలో దీని అర్థం సూటిగా ఉంది. రెండో కెమెరామన్‌కు పెట్టే ఖర్చు పాఠాన్ని చిన్న భాగాలుగా ఆలోచించి రాసే మనిషికి పెడితే లాభం ఎక్కువ.

తర్వాతి వ్యక్తి స్క్రిప్టు రచయిత, లేదా స్క్రిప్టు సంపాదకుడు. చదవడానికి రాసిన తెలుగు వేరు, వినడానికి రాసే తెలుగు వేరు. పాఠ్యపుస్తకంలోని నాలుగు వరుసల వాక్యాన్ని గొంతుతో చెప్పేటప్పుడు మూడు వాక్యాలుగా విడగొట్టాలి. పరిభాష విషయంలో నిర్ణయాలు కూడా ఇక్కడే జరగాలి. ఒక పాఠంలో ‘కిరణజన్య సంయోగక్రియ’ అని, తర్వాతి పాఠంలో ‘ఫొటోసింథసిస్’ అని వస్తే విద్యార్థి రెండూ వేర్వేరు అనుకునే ప్రమాదం ఉంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పారిభాషిక పదకోశాలను దగ్గర పెట్టుకుని, కోర్సు మొత్తానికి ఒకే పదాల పట్టిక తయారుచేయడం స్క్రిప్టు సంపాదకుడి బాధ్యత.

గ్రాఫిక్ డిజైనర్, యానిమేటర్ పనులు కూడా చాలావరకు చిత్రీకరణకు ముందే మొదలవ్వాలి. తెలుగులో పనిచేసే విభాగానికి ఇక్కడ ఒక ప్రత్యేక అవసరం ఉంది. డీటీపీ రంగంలో ఏళ్ల తరబడి యూనికోడ్ కాని అను ఫాంట్లు వాడారు. కానీ వెబ్‌కు, క్యాప్షన్లకు, వెతుకులాటకు యూనికోడ్ తప్పనిసరి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపులకు సంబంధించిన అమరిక సరిగా పెట్టకపోతే ఒత్తులు అక్షరం కింద చేరవు; ‘రాష్ట్రం’ అన్న మాట ‘రాష్‌ట్‌రం’గా విడిపోయి తెర మీద కనిపిస్తుంది. తెలుగు చదవని డిజైనర్‌కు ఇది తప్పని తెలియదు. అందువల్ల గ్రాఫిక్స్ పోస్టు ప్రకటనలో తెలుగు చదవడం, యూనికోడ్‌లో టైపు చేయడం కావాల్సిన అర్హతలుగా రాయాలి. సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన మండలి, రామభద్ర, గిడుగు వంటి ఉచిత ఫాంట్లు రావడంతో ఫాంట్ కొరత చాలావరకు తీరింది. వాటిని సరిగా వాడే మనుషుల కొరత ఇంకా ఉంది.

చిత్రీకరణ రోజు

చిత్రీకరణలో ప్రొడ్యూసర్, కెమెరామన్, సౌండ్ ఇంజనీర్, లైటింగ్ సహాయకుడు ఉంటారు. పెద్ద స్టూడియోలో ఫ్లోర్ మేనేజర్, ప్రాంప్టర్ నడిపేవారు కూడా చేరతారు. అధ్యాపకుల్లో చాలామంది తరగతిలో అనర్గళంగా మాట్లాడినా కెమెరా ముందు బిగుసుకుపోతారు. వారిని కుదుటపరిచి, తప్పు దొర్లినచోట నొప్పించకుండా మరో టేక్ అడగగల నేర్పు ప్రొడ్యూసర్‌కు ఉండాలి. ఏ సర్టిఫికెట్‌లోనూ కనిపించని ఈ గుణం మీద చిత్రీకరణ వేగం చాలావరకు ఆధారపడుతుంది.

సౌండ్ ఇంజనీర్ పోస్టును అనవసరమని తీసేయడం తరచుగా జరిగే పొరపాటు. దృశ్యం కాస్త మసకగా ఉన్నా పాఠం వింటారు. మాట వినబడకపోతే రెండు నిమిషాల్లో ఆపేస్తారు. కాలర్ మైకుకు పట్టుచీర జరీ అంచు రాసుకుంటే వచ్చే గరగర, చెయ్యి ఊపినప్పుడల్లా గాజుల చప్పుడు, ఏసీ హోరు, పక్క గదిలో ఫోను మోత, ఇవన్నీ రికార్డింగ్ సమయంలో హెడ్‌ఫోన్ పెట్టుకుని వినే మనిషి ఉంటేనే పట్టుబడతాయి. ఎడిటింగ్ గదిలో వాటిని పూర్తిగా తొలగించడం సాధ్యం కాదు. ముందురోజు అధ్యాపకురాలికి ఫోన్ చేసి, నేపథ్యం మార్చడానికి వాడే క్రోమా తెర ఆకుపచ్చది కాబట్టి ఆ రంగు చీర వద్దని, సన్నని గళ్లు, చారలు తెర మీద కదులుతున్నట్టు కనిపిస్తాయని చెప్పే బాధ్యత కూడా ఒకరికి అప్పగించి ఉండాలి. ఆ ఫోన్ వెళ్లని రోజున నలుగురి సగం పూట వృథా అవుతుంది.

చిత్రీకరణ తర్వాత

ఎడిటర్ పని అందరికీ తెలిసిందే. దాని తర్వాత ఉండే మూడు పనులకు మాత్రం చాలా విభాగాల్లో మనుషులే ఉండరు.

మొదటిది నాణ్యత పరిశీలన. పూర్తయిన వీడియోను జట్టులో లేని ఒకరు మొదటి నుంచి చివరి దాకా చూసి, అంకెలు, పేర్లు, అక్షరదోషాలు, ధ్వని స్థాయి సరిచూడాలి. తయారుచేసినవారి కంటికి సొంత తప్పులు కనబడవు. కాబట్టి ఈ పని ఎడిటర్‌కే అప్పగించకూడదు.

రెండోది క్యాప్షన్లు, ఇతర సౌలభ్యాలు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో క్యాప్షన్లు, సంజ్ఞా భాష, ధ్వని వివరణ అందుబాటులో ఉండేలా చూడాలని చెబుతోంది. వెబ్ సౌలభ్యానికి అంతర్జాతీయంగా పాటించే డబ్ల్యూక్యాగ్ ప్రమాణాల్లో రికార్డు చేసిన వీడియోకు క్యాప్షన్లు కనీస స్థాయి నిబంధన. సాధారణ పరిమాణంలోని అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య 4.5:1 వ్యత్యాసం దాని తర్వాతి స్థాయి నిబంధన. తెలుగు మాటలను యంత్రం దానంతటదే రాసిపెట్టే సాధనాలు వచ్చాయి. అయినా సాంకేతిక పదాలు, ఇంగ్లిషు కలిసిన వాక్యాలు, మాండలికపు ఉచ్చారణ ఉన్నచోట మనిషి దిద్దక తప్పదు.

మూడోది భాండాగారం. కెమెరా సెకనుకు 50 మెగాబిట్ల వేగంతో రికార్డు చేస్తే గంటకు 22.5 గిగాబైట్లు అవుతుంది. రెండు కెమెరాలతో రోజుకు నాలుగు గంటలు చిత్రీకరిస్తే 180 గిగాబైట్లు. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల్లో, ఒకటి వేరే భవనంలో ఉంచాలన్నది రంగంలో స్థిరపడిన నియమం. దీన్ని పాటించి, ప్రతి ఫైలుకూ పేరు, తేదీ, విషయం, హక్కుల వివరాలు నమోదు చేసే మనిషి లేకపోతే మూడేళ్ల తర్వాత సిలబస్ మారినప్పుడు ఒక్క స్లయిడ్ మార్చడానికి పాఠం మొత్తం మళ్లీ తీయాల్సి వస్తుంది. గ్రంథాలయ శాస్త్రం చదివినవారు ఈ పనికి చక్కగా సరిపోతారు.

ఎంతమంది: లెక్క గట్టే పద్ధతి

సంఖ్య తేలాలంటే గంటల లెక్క కావాలి. ఒక విభాగం ఏడాదిలో ఇరవై గంటల చొప్పున రెండు కోర్సులు తయారుచేయాలని అనుకుందాం. పది నిమిషాల భాగాలుగా తీస్తే మొత్తం 240 భాగాలు. ఒక్కో భాగానికి బోధనా రూపకల్పన, స్క్రిప్టుకు 8 గంటలు, గ్రాఫిక్స్‌కు 6 గంటలు, స్టూడియోలో ముగ్గురు మనుషులు గంటన్నర చొప్పున 4.5 గంటలు, ఎడిటింగ్‌కు 6 గంటలు, క్యాప్షన్లు, పరిశీలనకు 3 గంటలు పడతాయని పెట్టుకుంటే మొత్తం 27.5 మనిషి గంటలు. ఇవి పద్ధతిని చూపడానికి ఎంచుకున్న అంకెలు. ప్రతి విభాగం మొదటి పది, పదిహేను భాగాలు తీసి, తన సొంత అంకెలను కొలుచుకోవాలి.

ఏడాదిలో వారాంతాలు, పండుగ సెలవులు, వ్యక్తిగత సెలవులు పోగా ఒక ఉద్యోగి పనిచేసేది సుమారు 220 రోజులు. సమావేశాలు, ఎదురుచూపులు, మరమ్మతులు తీసేస్తే రోజుకు ఆరు గంటలు నికరంగా నిర్మాణానికి మిగులుతాయనుకుంటే ఏడాదికి 1,320 గంటలు. 240 భాగాలకు కావాల్సింది 6,600 గంటలు. అంటే ఐదుగురి పని.

మొత్తం కంటే ఈ ఐదుగురి మధ్య పని ఎలా పడుతుందన్నది ముఖ్యం. రూపకల్పన, స్క్రిప్టుకు దాదాపు ఒకటిన్నర మంది. గ్రాఫిక్స్‌కు ఒకరికి కాస్త ఎక్కువ. ఎడిటింగ్‌కూ అంతే. క్యాప్షన్లు, పరిశీలనకు సగం మనిషి. కెమెరా, సౌండ్, స్టూడియో ప్రొడ్యూసర్‌లకు తలా పావు వంతు కంటే కాస్త ఎక్కువ పని మాత్రమే. మొత్తం శ్రమలో సగానికి పైగా కెమెరా ఆన్ కాకముందే ఖర్చవుతుంది. స్టూడియోలో గడిచేది ఆరో వంతే. మంజూరు పోస్టుల జాబితాలో కెమెరామన్లు ఇద్దరు ఉండి రచయిత ఒక్కరూ లేని విభాగాల్లో స్టూడియో ఖాళీగా ఉండడానికి కారణం ఈ లెక్కలోనే కనిపిస్తుంది.

గంటల లెక్కకు రద్దీ కాలాన్ని కూడా కలపాలి. అధ్యాపకులకు తీరిక వేసవి సెలవుల్లో దొరుకుతుంది. చిత్రీకరణ ఏప్రిల్, మే నెలల్లో కుప్పగా వచ్చి పడుతుంది. సగటుకు సరిపడా శాశ్వత సిబ్బందిని పెట్టుకుని, రద్దీ నెలలకు కెమెరా, లైటింగ్ మనుషులను రోజువారీ కాల్‌షీట్ పద్ధతిలో బయటినుంచి తెచ్చుకోవడం మేలు.

పని వెనకబడినప్పుడు మనుషులను చేర్చి గట్టెక్కాలనుకోవడం సరికాదు. సాఫ్ట్‌వేర్ నిర్మాణంపై 1975లో వెలువడిన పుస్తకంలో ఫ్రెడ్ బ్రూక్స్ దీన్ని సూత్రీకరించాడు. ఆలస్యమైన పనిలోకి కొత్తవారు వస్తే వారికి నేర్పడానికి పాతవారి సమయం పోయి ఆలస్యం ఇంకా పెరుగుతుంది. ఐదుగురి మధ్య మాటామంతీకి పది జంటలు ఉంటే, పదిమంది మధ్య నలభై ఐదు జంటలు ఉంటాయి.

కలపదగిన పనులు, కలపకూడనివి

చిన్న విభాగంలో ఒకరు రెండు పనులు చేయక తప్పదు. కెమెరా, ఎడిటింగ్ ఒకరి చేతిలో చక్కగా ఇముడుతాయి. ఎడిటింగ్ తెలిసిన కెమెరామన్ అవసరమైన షాట్లే తీస్తాడు. గ్రాఫిక్స్, యానిమేషన్ కలుస్తాయి. బోధనా రూపకల్పన, మూల్యాంకన ప్రశ్నల తయారీ కలుస్తాయి. భాండాగారం, క్యాప్షన్ల పర్యవేక్షణ కలుస్తాయి.

కొన్ని మాత్రం విడిగానే ఉండాలి. తయారుచేసినవారే నాణ్యత పరిశీలించకూడదు. కెమెరా నడిపే వ్యక్తే ధ్వనినీ చూసుకుంటే రెండింట్లో ఒకటి దెబ్బతింటుంది. బోధనా రూపకర్తకు నిర్వహణ పనులు అప్పగిస్తే బిల్లులు, అనుమతులు అతని రోజంతా తినేసి స్క్రిప్టులు ఆగిపోతాయి. అన్నీ తానే చేయగల ఒక్క మనిషి కోసం ప్రకటన ఇవ్వడం ఈమధ్య తరచుగా కనిపిస్తోంది. అలాంటివారు అరుదు. దొరికినా, వారు వెళ్లిపోయిన రోజున విభాగం మూతపడుతుంది.

ఎంపిక

డిగ్రీల విషయంలో పట్టువిడుపులు అవసరం. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతా సత్యజిత్ రే సంస్థ, అహ్మదాబాద్ జాతీయ డిజైన్ సంస్థ, హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, అన్నపూర్ణ కళాశాల వంటివి శిక్షణ పొందినవారిని అందిస్తున్నాయి. వీటితోపాటు పెళ్లి వీడియోలు, యూట్యూబ్ చానళ్లు, వార్తా చానళ్లలో చేతితో పని నేర్చుకున్నవారు తెలుగు ప్రాంతాల్లో వేలమంది ఉన్నారు. డిగ్రీ నిబంధన వారిని దూరం పెట్టకుండా చూడాలి.

ఇంటర్వ్యూ కంటే పని పరీక్ష నమ్మదగినది. ఎడిటర్ పోస్టుకు పరీక్ష ఇలా పెట్టవచ్చు. ఇరవై నిమిషాల ముడి ఫుటేజీ, స్క్రిప్టు, స్లయిడ్లు ఇచ్చి మూడు గంటల్లో ఐదు నిమిషాల పాఠం తయారుచేయమనాలి. అందులో మూడు లోపాలు ముందే పెట్టి ఉంచాలి. ఒక షాట్‌లో ఫ్యాను హోరు, ఒక స్లయిడ్‌లో అక్షరదోషం, ఒకచోట అధ్యాపకుడు స్క్రిప్టులోని సంవత్సరాన్ని తప్పుగా చదవడం. మొదటిదాన్ని సరిచేసినవారికి పనితనం ఉంది. రెండోదాన్ని పట్టుకున్నవారికి తెలుగు ఉంది. మూడోదాన్ని గమనించి, తనంతట తాను మార్చకుండా పరీక్షకుడికి చెప్పినవారికి విద్యా విభాగానికి కావాల్సిన స్వభావం ఉంది. పాత పనుల నమూనాలు చూసేటప్పుడు అందులో అభ్యర్థి చేసిన భాగమేదో అడిగి తెలుసుకోవాలి. వీడియో నలుగురి శ్రమ, చూపించేది ఒక్కరు.

రచయితకు ఒక పాఠ్యపుస్తకం పేజీ ఇచ్చి మూడు నిమిషాల స్క్రిప్టు రాయించి, దాన్ని అభ్యర్థి చేతే పైకి చదివించాలి. ఊపిరి ఎక్కడ అందలేదో అక్కడ వాక్యం సరిగా లేదు.

నియామక రూపాలు, హక్కులు

రెగ్యులర్, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్, పనికి ఇంత అనే ఫ్రీలాన్స్ పద్ధతులు నాలుగూ వాడుకలో ఉన్నాయి. ఏ పని ఏ పద్ధతికి తగినదో నిర్ణయించడానికి ఒక సూత్రం ఉంది. విభాగం జ్ఞాపకశక్తి ఏ పోస్టులో ఉంటుందో అది శాశ్వతంగా ఉండాలి. బోధనా రూపకర్త, ప్రొడ్యూసర్, భాండాగార నిర్వాహకుడు, సాంకేతిక ఇంజనీర్ ఆ కోవలోకి వస్తారు. వాయిస్ ఓవర్, ప్రత్యేక యానిమేషన్, సంగీతం, సంజ్ఞా భాష అనువాదం, రద్దీ కాలపు కెమెరా వంటివి బయటినుంచి తీసుకోవచ్చు. పదకొండు నెలల కాంట్రాక్టుపై అందరినీ పెట్టుకునే విభాగం ఏటా తొలి మూడు నెలలు కొత్తవారికి నేర్పడంలోనే పోగొట్టుకుంటుంది.

బయటివారితో పని చేయించేటప్పుడు హక్కుల పత్రం తప్పనిసరి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగి తన విధుల్లో భాగంగా చేసిన కృతికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే తొలి హక్కుదారు. ఫ్రీలాన్స్ రచయిత రాసిన స్క్రిప్టుకు ఇది వర్తించదు. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. 19వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో కాలం పేర్కొనకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశానికే పరిమితంగా భావిస్తారు. విదేశాల్లోని తెలుగు విద్యార్థులకూ పాఠాలు అందించాలనుకునే సంస్థ ఒప్పందంలో ఈ రెండు వివరాలు రాయడం మరిచిపోతే తన పాఠాన్నే తాను వాడుకోలేని స్థితి రావచ్చు.

నిలుపుకోవడం

హైదరాబాద్‌లో విద్యా విభాగం సినిమా, టీవీ, యానిమేషన్, గేమింగ్ పరిశ్రమలతో పోటీపడాలి. ‘ఛోటా భీమ్’ను తయారుచేసిన గ్రీన్ గోల్డ్, ‘ఈగ’కు దృశ్య మాయలు అందించిన మకుట వంటి సంస్థలు ఈ నగరంలోనే ఉన్నాయి. మంచి యానిమేటర్‌కు అక్కడ దొరికే జీతం విశ్వవిద్యాలయం ఇవ్వలేదు. ఇవ్వగలిగినవి వేరే ఉన్నాయి. స్థిరమైన పనివేళలు, రాత్రి షిఫ్టులు లేకపోవడం, పై చదువులకు అనుమతి, నేర్చుకోవడానికి సమయం, చేసిన పనికి పేరు.

పేరు వేయడం చిన్న విషయంగా కనిపిస్తుంది. పాఠం చివర అధ్యాపకుడి పేరుతోపాటు స్క్రిప్టు, ఎడిటింగ్, గ్రాఫిక్స్, ధ్వని చేసినవారి పేర్లు వేస్తే సంస్థకు పైసా ఖర్చు లేదు. ఆ మనిషి తర్వాతి ఉద్యోగానికి, పదోన్నతికి అదే ఆధారం. అధ్యాపకుల వైపు కూడా ఇదే న్యాయం వర్తించాలి. కోర్సు తయారీలో గడిపిన గంటలను బోధనా గంటలుగా లెక్కించకపోతే మంచి అధ్యాపకులు ముందుకు రారు. వారు రాకపోతే ఎంత సిబ్బంది ఉన్నా తీయడానికి పాఠం ఉండదు.

పదోన్నతి మార్గం లేకపోవడం ఈ విభాగాల్లో దీర్ఘకాలపు సమస్య. కెమెరామన్‌గా చేరినవారు కెమెరామన్‌గానే రిటైరయ్యే నిర్మాణంలో ఉత్సాహం నిలవదు. సహాయకుడు, నిపుణుడు, సీనియర్ నిపుణుడు, ప్రొడ్యూసర్ అనే మెట్లు నిబంధనల్లో మొదటే రాసి ఉండాలి.

నాయకత్వం

విభాగాధిపతి అధ్యాపకుడై ఉండాలా, మాధ్యమ నిపుణుడై ఉండాలా అన్న చర్చ పాతది. అధ్యాపకుడికి శాఖల్లో పలుకుబడి ఉంటుంది, కానీ రెండు మూడేళ్లకు ఆ బాధ్యత మరొకరికి మారుతుంది. మాధ్యమ నిపుణుడికి పని తెలుసు, ప్రొఫెసర్లకు గడువులు పెట్టే అధికారం ఉండదు. సంస్థ తరఫున విద్యా బాధ్యత చూసే సమన్వయకర్త ఒకరు, రోజువారీ నిర్మాణాన్ని నడిపే శాశ్వత ప్రొడక్షన్ మేనేజర్ ఒకరు ఉండే ద్వంద్వ ఏర్పాటు ఈ రెండు లోపాలనూ సరిచేస్తుంది. ఎవరి మాట ఎక్కడ చెల్లుతుందో రాసిపెట్టాలి. విషయం సరైనదా అన్నది అధ్యాపకుడు తేలుస్తాడు. ఎలా చూపాలన్నది ప్రొడ్యూసర్ తేలుస్తాడు. ఎప్పటికి పూర్తికావాలన్నది మేనేజర్ తేలుస్తాడు.

మారుతున్న సాధనాలు

సెల్‌ఫోన్ కెమెరాలు, అధ్యాపకుడు ఒక్కడే బటన్ నొక్కి రికార్డు చేసుకునే గదులు, కృత్రిమ మేధతో నడిచే క్యాప్షన్, అనువాద, వాయిస్ సాధనాలు సిబ్బంది లెక్కను మారుస్తున్నాయి. చిత్రీకరణకు, మొదటి కోత ఎడిటింగ్‌కు పట్టే గంటలు తగ్గుతున్నాయి. స్క్రిప్టు, పరిశీలన, హక్కుల తనిఖీకి పట్టే గంటలు తగ్గడం లేదు. యంత్రం రాసిన తెలుగులో తప్పు పట్టాలంటే విషయం, భాష రెండూ తెలిసిన మనిషి కావాలి కాబట్టి అవి ఒక్కోసారి పెరుగుతున్నాయి. ఉన్న కెమెరా, ఎడిటింగ్ సిబ్బందికి ఏటా కొన్ని రోజులు శిక్షణకు కేటాయించి, వారిని క్యాప్షన్లు, ఇంటరాక్టివ్ పాఠాలు, సౌలభ్య పరీక్షల వైపు మళ్లించడం కొత్త నియామకాల కంటే చవక, న్యాయం కూడా.

కొత్త విభాగంలో నియామకాల వరస

కొత్తగా మొదలుపెట్టే సంస్థ మొదట ప్రొడక్షన్ మేనేజర్‌ను, బోధనా రూపకర్తను తీసుకోవాలి. ఈ ఇద్దరూ ఒక కోర్సు ప్రణాళిక, పదుల సంఖ్యలో స్క్రిప్టులు సిద్ధం చేశాక గ్రాఫిక్ డిజైనర్, ఎడిటర్ రావాలి. నమూనా భాగాలను అద్దె కెమెరాతో తీసి గంటలు కొలవాలి. విద్యార్థులకు చూపించి లోపాలు తెలుసుకోవాలి. ఆ అనుభవంతో స్టూడియో పరిమాణం, కెమెరాల సంఖ్య, సౌండ్ ఏర్పాట్లు నిర్ణయించి, కెమెరా, సౌండ్ నిపుణులను వాటి కొనుగోలుకు ముందే నియమించాలి. పరికరాన్ని వాడేవారే దాన్ని ఎంచుకోవాలి. క్యాప్షన్లు, భాండాగారం చూసేవారు మొదటి కోర్సు విడుదలకు ముందే చేరాలి. ఏడాది పూర్తయ్యాక గంటల లెక్కను మళ్లీ చూసి, ఏ దశలో పని పేరుకుపోయిందో గుర్తించి, తర్వాతి పోస్టును ఆ దశకే ఇవ్వాలి. విభాగం పనితీరును తయారైన వీడియోల నిమిషాలతో కొలవడం చాలదు. విద్యార్థులు ఎంతవరకు చూశారు, ఏం నేర్చుకున్నారు, దిద్దుబాట్లు ఎన్ని వచ్చాయి, సిబ్బందిలో ఎంతమంది నిలిచారు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబులు ఏటా నమోదైతే తర్వాతి ఏడాది పోస్టుల కేటాయింపుకు గట్టి ప్రాతిపదిక దొరుకుతుంది.